మాట మార్చే డంబెల్స్

లోకంలో మాట మీద నిలబడేది ఒక్క తూకం రాయే. కిలో రాయి పొద్దున్నా కిలోయే, సాయంత్రమూ కిలోయే, కలెక్టరుగారు వచ్చి నిలబడినా కిలోయే. ఈ ఒక్క సత్యాన్ని కాపాడటానికి ప్రభుత్వంవారు తూకాల సత్య పరిరక్షణ శాఖ అని ఒకదాన్ని పెట్టి, జిల్లాకొక కార్యాలయమూ, కార్యాలయానికొక అధికారీ, ఆయన కింద ఒక ఇన్‌స్పెక్టరూ, మనిషి ఎత్తు త్రాసూ, తలుపులు సరిగా పడని నాలుగు బీరువాలూ ఇచ్చారు. ఊళ్లో వర్తకులందరూ ఏడాదికోసారి తమ రాళ్లు మోసుకొచ్చి అక్కడ పరీక్ష చేయించుకోవాలి. రాయి అడుగున చిన్న గుంట, గుంటలో సీసం, సీసం మీద ముద్ర. ముద్ర పడేదాకా అది వట్టి ఇనుము. పడ్డాక దాని మాటకు కోర్టులో కూడా ఎదురులేదు.

కాకినాడలో ఉన్న అలాంటి కార్యాలయంలో వాసంశెట్టి మంగతాయారు సీనియర్ అసిస్టెంటు. రికార్డు సెక్షను చూస్తుంది. ఇరవై మూడేళ్ల సర్వీసులో ఒక్క మెమో ఎరగదు. ఉంటున్నది ఆఫీసు వెనకే, శాఖవారి క్వార్టర్సులో. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గది. దాని వెనకాల, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటికి రావాల్సిన వంటిల్లు. గదిలో మంచం, బీరువా, చక్రాల కుర్చీ పెట్టాక చాప పరుచుకునేంత నేల మిగిలింది.

ఆ చక్రాల కుర్చీ ఆవిడ భర్త సూర్యచంద్రరావుది. మోటార్లకు వైండింగ్ చుట్టడంలో జగన్నాథపురం మొత్తానికి పేరున్న మనిషి. రెండేళ్ల కిందట ఎవరిదో నీళ్లట్యాంకు నిచ్చెన మీంచి పడి ఎడమకాల్లో పూర్తిగా, కుడికాల్లో ముప్పాతిక స్వాధీనం పోగొట్టుకున్నాడు. నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు. ఇంట్లో పంకా శబ్దం విని దానికి ఏ జబ్బో చెప్పేవాడు, వచ్చినవాళ్ల మాట విని వాళ్లకి ఏ జబ్బో చెప్పేవాడు.

పొద్దున ఆరింటికి ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి, సాయంత్రం ఏడింటికి కుర్చీలోంచి మంచం మీదికి మార్చేది పక్క క్వార్టరు కోటిలింగం. అదే ఆఫీసులో అటెండరు. ముప్పై ఏళ్లు తూకం రాళ్లు మోసిన చేతులు కాబట్టి సూర్యచంద్రరావు ఆయనకో లెక్క కాదు. అయితే కోటిలింగానికి జూన్ ముప్పైన రిటైర్మెంటు. మర్నాడే కూతురి దగ్గరికి పాయకరావుపేట వెళ్లిపోతాడు.

ఆ తరువాత ఎవరు ఎత్తాలి? ఈ ప్రశ్న ఫిబ్రవరిలోనే ఆ గదిలోకి వచ్చి కూర్చుంది. తునిలో ఉన్న మరిదికి ఫోన్ చేస్తే, "అన్నయ్యని ఇక్కడ పడెయ్యండి వదినా, వెనక గది ఖాళీగానే ఉంది" అన్నాడు. మంచివాడే, మనసులో ఏమీ లేదు. కానీ స్పీకర్లో ఆ "పడెయ్యండి" విన్న సూర్యచంద్రరావు ఆ పూట అన్నం కలిపి పెట్టినా మాట్లాడలేదు. ఆయన నోరు మూతపడటం తాయారు అదే మొదటిసారి చూసింది. చాలా భయపడింది.

మర్నాడు పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ చూసే రిబ్కా అనే అమ్మాయిని అడిగింది.

"అంకుల్ ఎంతండీ, యాభై నాలుగు కిలోలు" అంది రిబ్కా. "మీరు మొత్తం ఎత్తక్కర్లేదు మేడమ్. కుడికాలు కొంచెం ఆనుతుంది కదా, మిగతాది మీరు కాసి తిప్పాలంతే. అయితే మీ కాళ్లకీ వీపుకీ బలం లేదు. ఇప్పుడు ఎత్తితే ఇద్దరూ పడతారు. నాలుగు నెలలు కష్టపడితే ఎత్తగలరు."

"జిమ్ముకెళ్లే తీరికెక్కడిదమ్మా? ఇంట్లో చోటా లేదు."

"అందుకే ఇవి" అని రిబ్కా తన ఫోన్లో ఒక బొమ్మ చూపించింది.

వారంలో అవి వచ్చాయి. చెప్పుల పెట్టెలంత రెండు తొట్లు, ఒక్కో తొట్టిలో ఒక్కో డంబెల్. పిడి చివర చక్రం తిప్పితే మనం అడిగినన్ని బిళ్లలే పిడితో పాటు లేస్తాయి. మిగతావి బుద్ధిగా తొట్టిలో కూర్చుంటాయి. రెండున్నర కిలోల నుంచి ఇరవై నాలుగు కిలోల దాకా పదిహేను మెట్లు. జిమ్ములో గోడ పొడుగునా పేర్చే సరంజామా అంతా మంచం కింద పట్టేసింది. సూర్యచంద్రరావు ఆ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలి పళ్లు ఎలా పట్టుకుంటున్నాయో కనిపెట్టి, "ఎవడో గానీ బుర్రున్నవాడు చేశాడే" అని మురిసిపోయాడు.

మర్నాటి నుంచి మంచానికీ బీరువాకీ మధ్య తాయారు కసరత్తు. చీర కుచ్చిళ్లు దోపుకుని, రెండు చేతుల్లో రెండున్నర కిలోలు పట్టుకుని కూర్చుని లేచేది. మోచెయ్యి బీరువాకి కొట్టుకుంటే ఊదుకునేది. సూర్యచంద్రరావు కుర్చీలోంచి లెక్కపెట్టేవాడు. "ఎనిమిది... తొమ్మిది... పప్పు మాడుతోంది... పది." ఈ సుఖం సరిగ్గా ఎనిమిది రోజులు సాగింది.

తొమ్మిదో రోజు ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులరు వచ్చింది. దాని పేరు "సత్యం మన గడప నుంచే". ప్రజల ఇళ్లలో దొంగతూకాలు వెతికే ముందు సిబ్బంది తమ ఇళ్లలో వెతుక్కోవాలట. క్వార్టర్సులో ముద్ర లేని తూకం ఏదైనా ఉంటే జప్తు చెయ్యాలట. ఇన్‌స్పెక్టరు సదాశివం ఇల్లిల్లూ తిరిగి ఒక ఇంట్లో పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ త్రాసు, మరో ఇంట్లో రోకలి పట్టుకుని తాయారు గడప తొక్కారు. వంగి మంచం కింద చూశారు.

"ఇవేంటండీ?"

"డంబెల్స్ సార్. కసరత్తుకి."

"బరువెంత?"

తెలివైనవాళ్లెవరైనా నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పి ఊరుకునేవారు. తాయారుకి అబద్ధం అలవాటు లేదు.

"ఎంత కావాలంటే అంతండి" అంది.

సదాశివం మెల్లిగా మంచం పట్టె మీద కూర్చున్నారు. ఆవిడ పాపం ఆయనకి అర్థం కాలేదేమోనని చక్రం తిప్పి ఐదున్నర చేసి చూపించింది, మళ్లీ తిప్పి పది చేసి చూపించింది. సదాశివం జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"తూకాన్ని... ఆన్ డ్యూటీ ఇన్‌స్పెక్టరు ఎదురుగా... మార్చేశారండి మీరు" అన్నారు నీరసంగా. "అదీ రెండుసార్లు."

పంచనామా అక్కడికక్కడే రాశారు. సాక్షులుగా సూర్యచంద్రరావూ, కోటిలింగమూ సంతకాలు చేశారు. కోటిలింగమే వాటిని భుజాన వేసుకుని ఆఫీసుకి మోసుకెళ్లాడు.

అధికారి త్రివిక్రమరావుగారి బల్ల మీద అవి రెండూ ముద్దాయిల్లా కూర్చున్నాయి. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని వాటిని చూశారు.

"తాయారమ్మగారూ, ఇది కేవలం ఒక వస్తువు కాదు. ఒక తాత్విక సంక్షోభం. ఒకే శరీరం, పదిహేను సత్యాలు! మా ముప్పై ఏళ్ల సేవాకాలంలో ఒక తూకం తగ్గడం చూశాం, పెరగడం చూశాం. అడిగినవాడికి అడిగినంత అవడం ఇదే ప్రథమం."

"అయ్యా, అవి సరుకులు తూచడానికి కాదండి. చేతులు గట్టిపడటానికండి."

"ఉద్దేశం వ్యక్తిగతం. సామర్థ్యం సామాజికం. రేపు ఏ వర్తకుడో దీన్ని త్రాసులో పెట్టి, బేరం చూసి చక్రం తిప్పితే బాధ్యులెవరు?"

తాయారు సిగ్గు విడిచి మొత్తం చెప్పేసింది. భర్త సంగతీ, కోటిలింగం రిటైర్మెంటూ, తునిలో వెనక గదీ. త్రివిక్రమరావుగారు కదిలిపోయారు. ఆయన హృదయం లేని మనిషి కాదు, దానికి వేరే ఫైలుంటుందంతే.

"మానవీయ కోణాన్ని శాఖ ఎన్నడూ విస్మరించదు" అన్నారు. "దానిపై విడిగా ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుదాం. ఈలోగా సత్యనిర్ధారణ ఆగడానికి వీల్లేదు."

రెండ్రోజుల్లో ఉత్తర్వు తయారైంది. సదరు తూకాల పదిహేను అవస్థలనూ విడివిడిగా పరీక్షించాలి. ఒక్కొక్క అవస్థకు ఒక వారం. ప్రతిరోజూ ఉదయం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు నేల మీది నుంచి త్రాసులోకి ఎక్కించి నమోదు చెయ్యాలి. ఎక్కించేది ఎవరు అన్నచోట త్రివిక్రమరావుగారు రాత్రి నిద్రపోకుండా ఆలోచించినట్టున్నారు. ఇతరుల చెయ్యి పడితే తూకం వారే మార్చారని యజమానురాలు రేపు ఆరోపించవచ్చు. కావున ప్రతి దఫా యజమానురాలే స్వహస్తాలతో ఎత్తవలెను, అన్యులు తాకరాదు.

మొదటిరోజు ముద్దాయిల పరిచయం కోసం అన్ని అవస్థల్నీ ఒకసారి ఎత్తి చూపమన్నారు. తాయారు తొమ్మిదో మెట్టు దాకా ఎలాగో నెట్టుకొచ్చింది. పదో మెట్టు, అంటే చేతికి పదమూడున్నర కిలోలు, మోకాలు దాటి రాలేదు. సదాశివం రిమార్కుల గడిలో "లేవలేదు" అని అందంగా రాసుకున్నారు.

ఇంటికొచ్చి తాయారు ఏడ్చింది. వస్తువూ పోయింది, ఆఫీసులో నలుగురి ముందు నవ్వులపాలూ అయింది. సూర్యచంద్రరావు ఆ ఉత్తర్వు అడిగి తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"తాయారూ, ఇలా రా. వారం వారం ఒక మెట్టు. రోజుకి రెండు పూటలు, పూటకి పది. ఆదివారం సెలవు. ఇది నువ్వు చదివేవా?"

"చదివానండీ, అందుకే కదా ఏడుస్తున్నాను."

"ఆ రిబ్కా అమ్మాయి రాసిచ్చిన కాగితం తే."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. వారానికి రెండు పూటలు ఎక్కువన్న మాటేగానీ మిగతాదంతా అచ్చుగుద్దినట్టు ఒకటే. పైగా ఇంట్లో లేని చోటు ఆఫీసులో ఉంది, పంకా ఉంది, రాసుకోడానికి ఇన్‌స్పెక్టరున్నాడు. రొట్టె విరిగి నేతిలో పడిందని సూర్యచంద్రరావు పడీపడీ నవ్వాడు. తాయారు కళ్లు తుడుచుకుని కాగితాలు మళ్లీ చూసింది.

ఆ సంగతి విన్న రిబ్కా, "ఎవరండీ మీ ట్రైనరు?" అంది.

"త్రివిక్రమరావుగారని, మా ఆఫీసరమ్మా."

"ఆయన చెయ్యి మంచిదండి. వదలకండి."

ఆ విధంగా సత్యనిర్ధారణ సాగింది. పదింటికి తాయారు హాజరు పట్టీలో సంతకం చేసి త్రాసు గదికి వెళ్లేది. సదాశివం రిజిస్టరు తెరిచేవారు. "ఎత్తండి... ఆపండి... నమోదైంది." త్రాసు పళ్లెం ఊగితే అంకె నిలవదని త్రివిక్రమరావుగారు నెమ్మదిగా ఎత్తమన్నారు. ఒకరోజు తాయారు వంగి ఎత్తుతుంటే చూసి, "వెన్ను నిటారుగా ఉంచండి. వంగిన వెన్నుతో ఎత్తిన తూకం శాఖ ప్రతిష్ఠకు భంగకరం" అని మందలించారు. ఆ మాట చెప్పి చెప్పి రిబ్కాకి అప్పటికే విసుగొచ్చి ఉంది. ఆఫీసరు మెమో ఇస్తానన్నాక ఒక్కరోజులో వెన్ను నిటారైంది.

ప్రధాన కార్యాలయంవారు ఊరుకుంటే వారి గొప్పేముంది? వారానికొక ప్రశ్న పంపేవారు. ఎత్తినప్పటి తూకం చూశారు, దించునప్పటి తూకం చూచితిరా? దాంతో దించడం కూడా పరీక్షలో చేరింది, అదీ అయిదు అంకెలు లెక్కపెడుతూ. నిశ్చలముగా నున్నప్పుడు నిజము చెప్పు వస్తువు ప్రయాణమందు కూడా చెప్పునా? దాంతో తాయారు రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవైసార్లు నడవాల్సివచ్చింది. పక్కనే సదాశివం గొడుగు పట్టుకుని నడిచేవారు, వేడికి ఇనుము వ్యాకోచించకుండా. కూర్చున్న ఉద్యోగి చేతిలోను, నిలుచున్న ఉద్యోగి చేతిలోను తూకమొక్కటేనా? దాంతో ఒక ఎత్తు పీట వచ్చింది. దాని మీద కూర్చుని లేవడం, కూర్చుని లేవడం.

రాళ్లకి ముద్ర వేయించుకోడానికి వచ్చిన చేపల పోలమ్మ ఇదంతా చూసి నోరు నొక్కుకుంది. "ఏటమ్మా, ఏం తప్పు సేసేవు? గవర్నమెంటోళ్లు మరీ ఇంత శిచ్చ ఏత్తారేటి?"

"శిక్ష కాదు పోలమ్మా, విచారణ" అంది తాయారు రొప్పుతూ.

మే నడిమికి తొమ్మిదో మెట్టు వచ్చింది. ఎండ పేల్చేస్తోంది. తాయారు కన్నా ముందు సదాశివం అలిసిపోయారు. రోజుకి నలభై అంకెలు, అన్నీ ఒకే అంకె. తొమ్మిది అవస్థలూ సత్యమని తేలాయి గనుక మిగతా ఆరూ సత్యమేనని భావించి కేసు మూసెయ్యొచ్చని నోటు పెట్టారు. ఆ ఫైలు మోసుకెళ్తూ కోటిలింగం రికార్డు సెక్షను కిటికీ దగ్గర ఆగాడు.

"తాయారమ్మగారూ, మీ కష్టాలు గట్టెక్కేయండి. రేపో ఎల్లుండో ఆపేత్తారంట. ఆయ్."

తాయారు మిగిలిన మెట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇంకా ఆరు.

ఆ సాయంత్రం కోటిలింగం రావడానికి ముందే ఆవిడ ఒక ప్రయత్నం చేసింది. సూర్యచంద్రరావు నడుముకి బెల్టు కట్టి, ఆయన చేతులు తన మెడ చుట్టూ వేయించుకుని, మోకాళ్లు మోకాళ్లకి ఆనించి లేచింది. సగం దాకా వచ్చింది. అక్కడ తొడలు వణికాయి. ఇద్దరూ మెల్లిగా నేల మీదికి జారి కూర్చున్నారు. కోటిలింగం వచ్చేసరికి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా అలాగే బీరువాకి ఆనుకుని కూర్చున్నారు.

"తునికి కబురు పెట్టెయ్ తాయారూ" అన్నాడు సూర్యచంద్రరావు.

"నోర్ముయ్యండి" అంది తాయారు. పెళ్లయ్యాక ఆయన్ని అంత మాట అనడం అదే మొదలు.

మర్నాడు పదింటికి ఆవిడ త్రాసు గదికి కాక నేరుగా త్రివిక్రమరావుగారి గదికి వెళ్లింది. ఆయన కలం తీసి, మూత విప్పి, నోటు మీద సంతకానికి సిద్ధంగా ఉన్నారు.

"అయ్యా, చిన్న సందేహమండి."

"చెప్పండి. మీకు శుభవార్తే."

"తొమ్మిది మెట్లు నిజం చెప్పాయండి, కాదనను. కానీ తమరికి తెలియందేముంది? మన వర్తకులు కూడా మొదటి తొమ్మిది కిలోలూ కాటా ఒక్క పిసరు కదలకుండా తూస్తారు. కొనేవాడికి గురి కుదిరాక పదో కిలోలో చూపిస్తారండి చేతివాటం. ఈ వస్తువు కూడా అదే చేస్తోందేమోనండి. లేకపోతే ఇంత నిజాయితీ ఎందుకండి దీనికి?"

త్రివిక్రమరావుగారి కలం గాల్లో ఆగిపోయింది. ఆయన లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు.

"తొమ్మిది సత్యాల వెనుక పొంచియున్న పదవ అసత్యం!" అన్నారు చివరికి. "తాయారమ్మగారూ, మిమ్మల్ని ఇన్నేళ్లు రికార్డు సెక్షనులో వృథా చేశాం. సొంత సొత్తు మీద ఇంత నిష్పాక్షికత మా సర్వీసులో చూడలేదు." నోటు మీద అడ్డంగా ఎర్రసిరాతో గీత గీశారు. "మిగిలిన ఆరు అవస్థలకూ పదేసిసార్లు చాలవు. పన్నెండేసి."

సదాశివం ఆవిడకేసి చూసిన చూపు చెప్పనలవి కాదు.

పదో మెట్టు ఈసారి లేచింది. పదకొండు లేచింది. పన్నెండో మెట్టు దగ్గర రెండురోజులు మొరాయించి మూడోరోజు లేచింది. రోళ్లు పగిలే ఎండలు పోయి మొదటి వానలు పడ్డాయి. తాయారు జాకెట్లు భుజాల దగ్గర బిగువయ్యాయి. గ్యాసు సిలిండరు తెచ్చిన కుర్రాడు గుమ్మంలో దింపి పోతే ఆవిడే వంటింట్లోకి తెచ్చుకుని, తెచ్చుకున్నాక గానీ ఆ సంగతి గమనించలేదు.

జూన్ ఇరవై నాలుగున పదిహేనో మెట్టు. చేతికి ఇరవై నాలుగు కిలోలు. త్రాసు గది గుమ్మంలో ఆఫీసంతా గుమిగూడింది. తాయారు ఊపిరి పట్టి, వెన్ను నిలిపి, కాళ్లతో లేచింది. పన్నెండుసార్లూ లేచింది. పన్నెండోసారి సదాశివం చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టేశాయి. వెంటనే సర్దుకుని రిజిస్టరు మీద దుమ్ము దులిపినట్టు ఒక దెబ్బ వేశారు.

కొండను తవ్వారు గానీ ఎలుక కూడా దొరకలేదు. పదిహేను అవస్థలూ గ్రాము తేడా లేకుండా నిజం. త్రివిక్రమరావుగారు నివేదిక ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నారు. మూడున్నర నెలల విచారణ జరిపి ఎవరి తప్పూ లేదని రాయడం ఏ అధికారికైనా అవమానమే. రిజిస్టరు తిరగేస్తూ తిరగేస్తూ మొదటి పేజీ దగ్గర ఆగారు.

"సదాశివంగారూ, మార్చి నెలలో పదమూడున్నర కిలోలు లేవలేదని రాశారు."

"లేవలేదండి."

"ఇప్పుడు ఇరవై నాలుగు లేచింది."

"పన్నెండుసార్లండి."

"అదే వస్తువు. అదే గది. అదే త్రాసు. వస్తువు ఎన్నడూ మారలేదని మనమే ధ్రువీకరించాం." ఆయన కళ్లలో చాలా రోజులకి వెలుగొచ్చింది. "అటువంటప్పుడు మారినది ఏమిటి?"

సదాశివం ఆలోచించారు. ఆ గదిలో ఇక మిగిలింది ఒక్కతే. ఇద్దరూ కిటికీలోంచి రికార్డు సెక్షనుకేసి చూశారు. తాయారు పాత ఫైళ్ల కట్ట ఒకటి ఒంటిచేత్తో అటక మీదికి పెడుతోంది.

ఉత్తర్వులు జూన్ ముప్పైన వెలువడ్డాయి, రెండు. ఒకటి డంబెల్స్ గురించి. ఒకే వస్తువు పదిహేను సత్యాలు పలకడం ప్రజలను అయోమయానికి గురిచేయును గనుక చక్రములను మొదటి అవస్థయందు, అనగా రెండున్నర కిలోల వద్ద, సీసముతో బిగించి ముద్ర వేసి యజమానురాలికి వాపసు చేయడమైనది. రెండోది తాయారు పేరనే ఉంది.

కోటిలింగానికి ఆ రోజు సాయంత్రం సన్మానం చేశారు. శాలువా కప్పి, దండ వేసి, ఆయన సేవలు తూచలేనివని త్రివిక్రమరావుగారు మాట్లాడారు. ఆ తరువాత ఆఖరి టపా ఆయన చేతికే ఇచ్చి, దారిలోనే కదా అన్నారు. కోటిలింగం మెడలో దండతోనే, సీసం దిగిన డంబెల్స్ ఒక చంకన, టపా పుస్తకం మరో చంకన పెట్టుకుని, రోజూ వచ్చే ఏడింటికే తాయారు గుమ్మంలోకి వచ్చాడు. ఆఖరిసారి సూర్యచంద్రరావుని మంచం మీదికి చేర్చిపోదామని ఆయన ఆలోచన. రేపటి నుంచి ఈయన గతేమిటన్న బెంగ పొద్దుట్నుంచీ ఆయన్ని తినేస్తోంది.

తలుపు తీసే ఉంది. లోపల చక్రాల కుర్చీ ముందు తాయారు మోకాళ్లు వంచి నిలబడి ఉంది. సూర్యచంద్రరావు చేతులు ఆవిడ మెడ చుట్టూ ఉన్నాయి. కోటిలింగం అన్నీ కింద పెట్టేసి అడుగు ముందుకు వేశాడు. తాయారు వద్దని తల ఊపింది.

"ఒకటి, రెండు..." అన్నాడు సూర్యచంద్రరావు. మూడు అనలేదు, అప్పటికే లేచి ఉన్నాడు.

ఆవిడ ఆయన్ని వెంటనే మంచం మీదికి తిప్పలేదు. అలాగే నిలబెట్టి కాసింది. రెండేళ్లుగా ఆ గదిని మంచం ఎత్తు నుంచి, కుర్చీ ఎత్తు నుంచి చూసిన మనిషి నిలువెత్తున నిలబడ్డాడు. బీరువా మీద ఎప్పుడో దాచి మరిచిపోయిన తన వైండింగ్ పని శ్రావణాల పెట్టె ఆయన కంటపడింది.

"ఇక్కడుందేవిటే ఇది!" అన్నాడు.

కోటిలింగానికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆనందం తన్నుకొస్తోంది, డ్యూటీ మాత్రం ఇంకా అవ్వలేదు. టపా పుస్తకం తీసి, ముక్కు ఎగపీల్చి, ఆ కాగితం కూడబలుక్కుని చదివాడు.

"ఏవండి, నోటీసొకటి ఉందండి. 'విచారణ కాలమందు తూకములు స్థిరముగా నుండగా, శ్రీమతి వి. మంగతాయారు, సీనియర్ అసిస్టెంటు, పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా, క్రమక్రమముగా, ఉద్దేశపూర్వకముగా మారినట్లు రికార్డుల ద్వారా రుజువైనది. ఇందుకు వారిపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' ఇక్కడ సంతకం పెట్టాలండి. ఇప్పుడే పెట్టాలంటండి. ఆయ్."

సూర్యచంద్రరావు ఆవిడ భుజం మీదుగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వుతుంటే ఆ బరువంతా ఊగింది. తాయారు పాదాలు సర్దుకుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"చేతులు ఖాళీ లేవు కోటిలింగంగారూ" అంది. "కూర్చోండి."

కోటిలింగం దండ తీసి పక్కన పెట్టి, పుస్తకం ఒళ్లో ఉంచుకుని గుమ్మంలో కూర్చున్నాడు.